మిషన్‌లో కౌంటర్ ఉంది

పోయిన శనివారం రాత్రి పదకొండున్నరకు మా బామ్మర్ది బెంగుళూరు బస్సు దిగి ఇంటికొచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా, "బావా, రాబోయే మాస్ ఎఫెక్ట్‌లో నీలం, ఎరుపు ఉండాలా, వద్దా? నువ్వొక మాట చెప్పు" అని మొదలుపెట్టాడు. వాళ్ళ ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర దీని మీద గొడవ జరిగిందట. అక్కడ ఓడిపోయి వచ్చాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. సంగటి ముద్దలు గట్టిపడిపోతున్నాయని మా ఆవిడ రెండుసార్లు పిలిచింది. ఇద్దరం వినలేదు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. మాస్ ఎఫెక్ట్ అనేది కెనడాలోని బయోవేర్ వాళ్ళు చేసిన అంతరిక్షం ఆట. మొదటిది 2007లో, రెండోది 2010లో, మూడోది 2012లో వచ్చాయి. అందులో కమాండర్ షెపర్డ్ అంటే మనమే. ఏం మాట్లాడాలో, ఎవరిని వదలాలో, ఎవరిని కాల్చాలో మనమే ఎంచుకోవాలి. న్యాయంగా, ఓపికగా పోతే 'పారగాన్' పాయింట్లు పడి నీలం పట్టీ పెరుగుతుంది. మొరటుగా, పని అయితే చాలన్నట్టు పోతే 'రెనిగేడ్' పాయింట్లు పడి ఎర్ర పట్టీ పెరుగుతుంది. ఒకటి పెరిగిందని రెండోది తగ్గదు. పాపం పద్దు పాపానిది, పుణ్యం పద్దు పుణ్యానిది. ఇంతవరకూ నాకేం పేచీ లేదు.

పేచీ అంతా రెండో ఆటతోనే.

మొదటి ఆటలో ఎదుటివాణ్ణి మాటలతో లొంగదీయాలంటే ఆ విద్యను విడిగా నేర్చుకోవాలి. తుపాకీ గురికి పెట్టుకోవాల్సిన పాయింట్లను నోటికి పెట్టుకోవాలి. రెండోదాంట్లో ఆ ఖర్చు తీసేశారు. పట్టీ ఎంత నిండితే మాటకు అంత బలం. అదైనా మొత్తం పాయింట్లను బట్టి కాదు. అప్పటిదాకా మనం తిరిగిన చోట్ల దొరకగలిగిన పాయింట్లలో మనం ఎంత వంతు తెచ్చుకున్నామన్నది లెక్క. అంటే మొదటి నుంచీ ఒకే రంగు పట్టుకుని పోయినవాడి మాట చెల్లుతుంది. ఏ విషయానికి ఆ విషయం ఆలోచించి, ఇక్కడ క్షమించి, అక్కడ చెంప పగలగొట్టి వచ్చినవాడికి రెండు పట్టీలూ సగం సగమే. ఎంపీసీ, బైపీసీ రెండూ సగం సగం చదివి పరీక్షకు పోయినవాడి గతి.

నేను ఆ రెండో రకం. తెలియక అట్లా ఆడాను.

2012 సంగతి ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో జిరాక్స్ షాపు పెట్టి ఏడాది కూడా కాలేదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్‌లో బేరమాడి గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకున్నాను. కరెంటు కోతల కాలం. షాపు మూశాక రాత్రి పది తర్వాత ఆడేవాణ్ణి. యూపీఎస్ పది నిమిషాలు ఆగేది, అంతకు మించితే నా అదృష్టం.

మన ఓడలో టాలి అనే అమ్మాయి ఉంటుంది. వాళ్ళ జాతివాళ్ళు మూడు వందల ఏళ్ళ కింద గెత్ అనే యంత్రాలను తయారుచేసుకున్నారు. ఆ యంత్రాలకు తెలివి రావడంతో భయపడి చంపబోయారు. అవి తిరగబడి వీళ్ళనే సొంత గ్రహం నుంచి తరిమేశాయి. అదే ఓడలోకి లీజియన్ అనే ఒక గెత్‌ను కూడా మనం చేర్చుకుంటాం. ఒకరోజు కిందికి దిగి చూస్తే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తుపాకీలు ఎక్కుపెట్టుకుని ఉంటారు. వాళ్ళ నాన్న గెత్‌ల మీద ప్రయోగాలు చేశాడని దీనికి కోపం, తన పరికరం వెతికి ఆ సమాచారం గెత్‌లకు పంపించబోయిందని ఆమెకు కోపం. సర్ది చెప్పాలి. సర్ది చెప్పే మాట ఒకటి నీలంలో, ఇంకోటి ఎరుపులో ఉండాలి. నాకు రెండూ బూడిద రంగులో ఉన్నాయి. కనిపిస్తాయి, నొక్కితే పలకవు. ముప్ఫై గంటలు ప్రతి మనిషి కథా విని, తూకం వేసి తీర్పు చెప్పుకుంటూ వచ్చినవాణ్ణి. ఆట లెక్కలో నాకు మాట్లాడే అర్హత లేదు.

లీజియన్ పక్షం తీసుకున్నాను. టాలి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆఖరి దాడిలో ఒకరిని గొట్టాల్లోంచి పంపించి లోపలి తలుపులు తెరిపించాలి. యంత్రాల పని తెలిసిన మనిషి కదా అని టాలినే పంపించాను. మనసు విరిగిన మనిషిని అందులోకి పంపితే బతకదని అప్పటికి నాకు తెలియదు. తలుపు మూసుకునేలోపు దెబ్బ తగిలి చచ్చిపోయింది. అదే సమయానికి కరెంటు పోయి యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటోంది. నేను కంప్యూటర్ ఆపకుండా చీకట్లో అట్లాగే కూర్చున్నాను.

మా బామ్మర్దికి ఇదంతా నవ్వులాట. వాడు అప్పట్లో ఇంటర్. సెలవుల్లో వచ్చి నా దగ్గరే ఆడాడు. వాడి ఓడలో ఒక్కరు కూడా చావలేదు. ఎట్లారా అంటే, "పైన ఉండే మాట నొక్కుతా పోవడమే బావా, చదవాల్సిన పన్లే" అన్నాడు. నిజమే. మాటల చక్రంలో మంచి మాట ఎప్పుడూ పైనే, చెడ్డ మాట ఎప్పుడూ కిందే. వాడు ఆట మొత్తం కథ చదవకుండానే పుణ్యాత్ముడైపోయాడు.

నాకు మంట పుట్టించేది సరిగ్గా అదే. పన్నెండేళ్ళుగా మా వాదం అక్కడే తిరుగుతోంది.

శనివారం రాత్రి సంగటి తింటూ వాడు కొత్త అస్త్రం తీశాడు. బయోవేర్‌లో పనిచేసినాయన ఒకరు 2020లో ట్విట్టర్‌లో చెప్పాడు, ఆడినవాళ్ళలో 92 శాతం మంది పారగానే అని. "నూటికి తొంభై రెండు మందికి నీలమే కావాల బావా. జనానికి మంచోళ్ళుగా ఉండాలనుంది. నువ్వెవరు వద్దనేదానికి?"

"వాళ్ళకు మంచోళ్ళుగా ఉండాలని ఉందా, పట్టీ నిండాలని ఉందా?" అన్నాను.

"రెండూ ఒకటే కదా."

రెండూ ఒకటి కాదనడానికి నా దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం ఆ ఆటలోనే ఉంది. లీజియన్‌తో ఒక పని మీద పోతాం. గెత్‌లలో ఒక వర్గం శత్రువుల పక్షం చేరింది. వాటిని ఏం చేయాలో మనం తేల్చాలి. ఒకటి, అన్నిటినీ పేల్చేయడం. రెండోది, వాటి బుర్రలు తిరగరాసి మన దారికి తెచ్చుకోవడం. చంపడం ఘోరమా, బతికుండగానే మనసు మార్చేయడం ఘోరమా? లీజియన్ కూడా ఎటూ తేల్చుకోలేక మనల్నే అడుగుతుంది. నేను ఆట ఆపి, లీలామహల్ సెంటర్ దాకా నడిచి టీ తాగి వచ్చి అప్పుడు తేల్చుకున్నాను. చంపేశాను. ఆట నా మొహాన ఎర్ర పాయింట్లు కొట్టింది. తిరగరాయడం పైన ఉంది కాబట్టి మా వాడు రెండు సెకన్లలో నొక్కి నీలం పాయింట్లు జేబులో వేసుకున్నాడు.

మూడో ఆటకు వచ్చేసరికి టాలి జాతికీ గెత్‌లకూ సంధి చేసే ఘట్టం వస్తుంది. ఆ సంధి కుదరాలంటే మనం వెనక చేసిన పనులన్నీ లోపల్లోపల కూడుకుంటూ వస్తాయి. తెర మీద ఎక్కడా కనిపించవు. ఆ కూడికలో, ఆ వర్గాన్ని నాశనం చేసినవాడికి పాయింట్లు కలుస్తాయి. తిరగరాసినవాడికి కలవవు. తిరగరాసినవన్నీ గెత్‌ల బలగంలోనే చేరాయి కదా మరి. రెండో ఆట నీలమని ముద్ర వేసిన పని, మూడో ఆటలో శాంతికి అడ్డం పడుతుంది. ఈ మూడు ఆటల్లో నీతి గురించి నిజంగా ఆలోచించి చేసిన లెక్క ఏదైనా ఉందంటే నా దృష్టిలో అదొక్కటే. అది మనకు చూపించని లెక్క.

కాబట్టి నా మాట ఇదీ: లెక్క ఉండాలి, కనపడకూడదు.

"కనపడకపోతే ఇంటర్నెట్‌లో చూసుకుంటా" అన్నాడు మా వాడు. మా ఆవిడ కంచాలు తీస్తూ, "ఒరే, తెల్లారి కపిలతీర్థం పోవాల, పండుకో" అంది. ఆ రాత్రికి అట్లా ముగిసింది.

ఇప్పుడు నా షాపు సంగతి చెప్పాలి, ఎందుకంటే నా వాదమంతా అక్కడ పుట్టిందే.

షాపులో రెండు మిషన్లు. ఒకటి నా దగ్గర, ఒకటి గుమ్మం పక్కన. గుమ్మం పక్కది స్టూడెంట్లే వాడుకుంటారు. నోట్స్ పెట్టి వాళ్ళే తీసుకుని, ఎన్ని కాపీలో వాళ్ళే లెక్కేసుకుని, అప్పట్లో కాపీకి రూపాయి చొప్పున డబ్బాలో వేసి పోయేవాళ్ళు. నేను తల కూడా ఎత్తేవాణ్ణి కాదు. కానీ ప్రతి మిషన్‌కూ లోపల కౌంటర్ ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఎన్ని కాపీలు తీసిందో ఒక్కటి కూడా వదలకుండా చెప్తుంది. మిషన్ బాగోగులు చూసే ఏఎంసీ మనిషి వచ్చినప్పుడు మొదట చూసేది దాన్నే. నేను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాసుకునేవాణ్ణి. పొద్దున 4,12,306. రాత్రి 4,12,871. అంటే 565 కాపీలు. డబ్బాలో 541 రూపాయలు. ఇరవై నాలుగు తగ్గింది. ఎవరో తెలియదు. ఇంకోరోజు పది, పదిహేను ఎక్కువే ఉండేది. "చిల్లర ఉంచన్నా" అని వేసి పోయేవాళ్ళు ఉండేవాళ్ళు మరి.

2016 ఏప్రిల్‌లో పరీక్షల సీజన్. వరసగా నాలుగు రోజులు బాగా తగ్గింది. ఒళ్ళు మండి, ఒక కాగితం మీద పెద్దక్షరాలతో 'మిషన్‌లో కౌంటర్ ఉంది. లెక్క కరెక్టుగా చెప్పండి' అని ప్రింట్ తీసి మిషన్ పైన అంటించాను. తెల్లారి నుంచి లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోయింది. రెండు రోజులు మురిసిపోయాను.

మూడో రోజు ఒక బీఈడీ అమ్మాయి వచ్చింది. ఎప్పుడూ వచ్చే పిల్లే. నలభై మూడు కాగితాలు తీసుకుంది. నిలబడి ఒకసారి లెక్కపెట్టింది, వేలు తడి చేసుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఒక కాగితం ఇరుక్కుని సగం నల్లగా వచ్చింది. దాన్ని పైకెత్తి చూపించి, "అన్నా, దీనికి కూడా లెక్కుందా?" అని అడిగింది. అంతకు ముందైతే ఆ పిల్ల నలభై ఐదు వేసి పోయే రకం. "మిషన్ లెక్కలో ఉందమ్మా, నా లెక్కలో లేదు" అన్నాను. సరిగ్గా నలభై రెండు వేసింది.

ఆ తర్వాత డబ్బాలో తక్కువ రావడం ఆగిపోయింది. ఎక్కువ రావడం కూడా ఆగిపోయింది.

ఆదివారం పొద్దున కపిలతీర్థం నుంచి తిరిగొస్తూ ఈ కథ మళ్ళీ మా వాడికి చెప్పాను. వాడికి పదోసారి వినడం. ఈసారి మాత్రం కొత్త అడ్డం వేశాడు. "బావా, అది నీ కాగితం పని కాదు. ఫోన్‌పే పని. చిల్లర ఇచ్చే రోజుల్లో ఉంచన్నా అంటాండ్రి. ఇప్పుడు నలభై రెండంటే నలభై రెండే కొడతారు." కాగితం ఏప్రిల్‌లో అంటించాను, పాత నోట్ల రద్దు నవంబర్‌లో వచ్చింది, జనం ఫోన్లతో కట్టడం మొదలైంది ఆ తర్వాతే అన్నాను. "ఆర్నెల్ల లెక్క పుస్తకం ఉండాదా నీ దగ్గర?" అన్నాడు. లేదు. చెదలు తిన్నాయి. వాడు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంటుందనుకోండి, కానీ ఆ పిల్ల వేలు తడి చేసుకుని రెండోసారి లెక్కపెట్టడం నేను కళ్ళారా చూశాను.

గుడి బయట మెట్ల దగ్గర కూర్చున్న ముసలాయనకు మా వాడు పది రూపాయలు వేశాడు. వేసి నా వైపు తిరిగి, "క్రియా ఉంటే ఇప్పుడు నాకు క్లాసు పీకుతుంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మా ఆవిడకు అర్థం కాలేదు, చెప్పమంది.

నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ అని స్టార్ వార్స్ ఆట ఒకటి ఉంది. దాని రెండో భాగం 2004లో వచ్చింది. మొదటి భాగం బయోవేర్‌ది, ఇది అబ్సిడియన్ వాళ్ళది. మొదటి భాగంలో వెలుగు, చీకటి అని ఒకే కొలబద్ద. బిచ్చం వేస్తే వెలుగు వైపు, తిడితే చీకటి వైపు. రెండో భాగం చేసినవాళ్ళు ఆ కొలబద్దను తీసేయలేదు. దాని పక్కన క్రియా అనే ముసలమ్మను నిలబెట్టారు. ఒక ఊళ్ళో బిచ్చగాడు చేయి చాస్తాడు. డబ్బు ఇస్తే, అతను నాలుగడుగులు వేసేలోపు ఇంకో పేదవాడు కొట్టి లాక్కుంటాడు. ఇవ్వకుండా కసిరితే, ఆ కోపంలో ఇతనే పోయి ఇంకొకణ్ణి కొడతాడు. ఏది చేసినా ముసలమ్మ తిడుతుంది: నీ దానం వల్ల ఏం జరిగిందో చూశావా అని, లేదా నీ కసురు ఎక్కడిదాకా పోయిందో చూశావా అని.

మా ఆవిడ అంతా విని, "ఇంతకీ ఆమె ఒక్క రూపాయైనా వేసిందా?" అని అడిగింది.

పాయింటే. వేయదు. ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ ఆ ప్రశ్న తట్టలేదు.

అయినా నాకు ఆ ముసలమ్మంటే ఇష్టం. కొలబద్ద 'నువ్వు మంచివాడివి' అంటుంటే పక్కన ఒక మనిషి 'నిజంగానా?' అని అడుగుతోంది. ఆ ప్రశ్న నూరు పాయింట్ల పెట్టు. ఇట్లాంటిదే ఇంకా పాతది ఒకటి ఉంది. 1985లో వచ్చిన అల్టిమా నాలుగో భాగం. ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది, బొమ్మలు చూసి భయపడకండి. అందులో రాక్షసుణ్ణి చంపడం కాదు పని, ఎనిమిది సద్గుణాలు సంపాదించడం పని. ఆ ఎనిమిదికీ లోపల లెక్క నడుస్తూ ఉంటుంది, ఒక్క అంకె కూడా తెర మీద కనపడదు. మందుమూలికలు అమ్మే ఆమె గుడ్డిది. ఇంత అయింది అని చెప్తుంది. ఎంత ఇస్తున్నావో నువ్వే టైపు చేయాలి. తక్కువ కొట్టినా సరుకు ఇచ్చేస్తుంది. అప్పుడేమీ జరగదు. చాలా రోజుల తర్వాత, రాజుగారి కోటలో హాక్‌విండ్ అనే జ్ఞాని దగ్గరికి పోయి నా నిజాయితీ ఎట్లా ఉందని అడిగితే అప్పుడు బయటపడుతుంది. అదైనా అంకెల్లో కాదు, మాటల్లో.

గుమ్మం పక్క మిషన్‌కూ ఆ గుడ్డామెకూ తేడా ఏముంది? కాగితం అంటించి నేను ఆమెకు కళ్ళు పెట్టాను, అంతే.

నాకు కావాల్సిన కొత్త మాస్ ఎఫెక్ట్ అది. 2020 డిసెంబర్‌లో పాత ఆటల్లో మనతో ఉన్న లియారా మంచు కొండ మీద నడిచొచ్చే చిన్న ముక్క చూపించారు. అప్పటి నుంచి ఎదురుచూస్తున్నాం. పట్టీలు వద్దు. పైన మంచి మాట, కింద చెడ్డ మాట అనే వరస అసలే వద్దు. ఓడలో ఒక మనిషిని పెట్టండి, అడిగితే చెప్పేవాణ్ణి. "జనం మీ గురించి ఏమనుకుంటున్నారో చెప్పమంటారా కమాండర్?" అని.

"నువ్వు మిషన్ ఓనర్‌వి కాబట్టి లెక్క దాచిపెట్టమంటాండావు" అన్నాడు మా వాడు. "కౌంటర్ నీకు కనపడతాది. కాపీలు తీసుకునేవాడికి కనపడకూడదంటావు. పొద్దస్తమానం పని చేసి వచ్చి రాత్రి గంటసేపు ఆడుకునేవాణ్ణి నేను. ఆఫీసులోనూ నా మార్కులు నాకు చూపించరు. ఆటలో కూడానా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వాడి బాధ ఆట గురించి మాత్రమే కాదని తెలిసి టీ ఇప్పించాను.

మధ్యాహ్నం భోంచేశాక నేనే ఒక పందెం వేశాను. నా కంప్యూటర్‌లో లెజెండరీ ఎడిషన్ ఉంది, మూడు ఆటలూ కలిపి 2021లో మళ్ళీ వేసింది. రెండో ఆట మొదలుపెట్టి, జీవితంలో ఒక్కసారైనా ఎర్రగా ఆడి చూపించమన్నాను. వాడు రోషంగా కూర్చున్నాడు. ఎర్ర పాయింట్లు పెరిగేకొద్దీ షెపర్డ్ మొహం మీది గాట్లు నిప్పుల్లా మండుతూ తేలతాయి. అందం పోయిందని బాధపడితే ఆటలో దొరికే ప్లాటినం ఖర్చుపెట్టి ఓడలో వైద్యం చేయించుకోవచ్చు, పాపం మాత్రం అట్లాగే ఉంటుంది. కాళహస్తికి ఇంత దగ్గరున్నవాళ్ళం, పరిహారాలు మాకు కొత్తా?

రెండు గంటలు బాగానే ఆడాడు. అందరినీ కసిరాడు. ఒమేగా అనే చోటికి చేరాడు. అక్కడ ఆర్చేంజెల్ అనే అతణ్ణి కాపాడాలి. అతణ్ణి చంపడానికి మూడు ముఠాలు కాచుకుని ఉన్నాయి. వాళ్ళలో కలిసిపోయినట్టు నటిస్తూ లోపలికి పోవాలి. అక్కడ ఒక మెకానిక్ గన్‌షిప్ (గాల్లో ఎగిరే యుద్ధవాహనం) రిపేరు చేస్తుంటాడు. మనతో నాలుగు మాటలు మాట్లాడి మళ్ళీ పనిలో పడతాడు. అప్పుడు తెర మీద ఎర్ర గుర్తు మినుకుమంటుంది. మౌస్ నొక్కితే షెపర్డ్ పక్కనున్న కరెంటు పనిముట్టు తీసి వాడి వీపులో దింపేస్తాడు. రిపేరు సగంలో ఆగిపోతుంది, తర్వాత గన్‌షిప్‌తో పోరాటం సులువవుతుంది. ఎర్ర పాయింట్లు కూడా వస్తాయి. నొక్కడానికి రెండు మూడు సెకన్లే ఉంటుంది.

మా వాడి వేలు మౌస్ మీదే ఉంది. గుర్తు మినుకుమంది. మినుకుమంటూనే ఉంది. పోయింది.

"ఏమైందిరా? పందెం ఓడిపోతావు."

"వాడు అట్ట తిరుక్కొని పని చేసుకుంటా ఉండాడు బావా" అన్నాడు, నా వైపు చూడకుండా.

అర్ధగంట తర్వాత గన్‌షిప్ వచ్చింది. పూర్తిగా రిపేరైన గన్‌షిప్. మూడుసార్లు చంపింది. నాలుగోసారి సగం కాల్చేసరికి, తొమ్మిదిన్నర బస్సుకు టైమవుతోందని మా ఆవిడ పులిహోర డబ్బా తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది.